దగ్గు మందు

మూడో సీసాలోనూ చల్లారిన టీయే ఉంది.

క్లైవ్ గ్లాసును కిటికీ వెలుగుకెత్తి చూశాడు. వాసన చూశాడు. నాలుక చివర ఆనించాడు. అతని మొహం కాల్చిన ఇటుకలా అయింది. పబ్బు వెనక గదిలో పాతబీరు సంఘం మిత్రులు ఖాళీ గ్లాసులతో నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. వాళ్లు నవ్వి ఉంటే క్లైవ్‌కు కాస్త తేలికగా ఉండేది.

కొడుకు గ్రెగ్ పుట్టినప్పుడు కాయించి, సీసాల్లో నింపించి, మూతల మీద ఎర్ర లక్క పోయించి, నేలమాళిగలో దాచిన పెట్టె అది. బార్లీవైన్. పేరులో వైన్ ఉన్నా బీరే. చిక్కటిది, నల్లటిది, ఏళ్లు గడిచేకొద్దీ రుచి తేలేది. మగబిడ్డ పుడితే పెట్టె దాచడం, వాడికి ఇరవై ఒకటి నిండిన రోజున నలుగురి ముందు తెరవడం క్లైవ్ వాళ్ల హాలమ్ వంశంలో ఆచారం. బీరుకు పేరుపడ్డ ఆ బర్టన్ ఊళ్లో ఇది అందరికీ తెలుసు. ఆ రోజు ఇవాళే.

"లక్క చెక్కుచెదరలేదురా క్లైవ్," సంఘం అధ్యక్షుడు నార్మన్ సీసా మూతను గోటితో గీకి చూశాడు. "చెయ్యి తిరిగిన దొంగ."

"ఇంటి దొంగ," అన్నాడు క్లైవ్. అతని చూపు గదంతా తిరిగి కూతురి మీద ఆగింది. "మొన్న ఏమన్నావు టాంసిన్? తమ్ముడి పెట్టె పగలగొట్టాలని ఉందనలేదూ?"

"అన్నాను. వాడికి పెట్టె దాచారు. నా ఇరవై ఒకటికి గొడుగు కొనిచ్చారు. ఆ మాత్రం కడుపు మండకూడదా? అంతమాత్రాన తాగేసి టీ పోస్తానా నాన్నా?"

"ఒప్పుకో. లేదా మళ్లీ నా గడప తొక్కకు."

"నాన్నా, పోనీ తలో మామూలు లాగర్ బీరూ తాగేద్దాం," గ్రెగ్ మెల్లగా అన్నాడు. "నాకసలు నల్లబీరు పడదు."

"నోర్ముయ్!"

టాంసిన్ కోటు అందుకుంది. ఆ పిల్ల ఒకసారి వెళ్తే వెనక్కి చూసే రకం కాదని తల్లి జానిస్‌కు తెలుసు. పంది మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టెల పళ్లెం చేతుల్లో పెట్టుకుని, తెల్లవారకముందు నుంచీ పిండి పిసికిన వేళ్లు సలుపుతుంటే, జానిస్ భర్తనూ కూతురినీ మార్చి మార్చి చూసింది.

క్లైవ్ ఉక్రోషంతో పెట్టె వెనక వరసలోంచి మరో సీసా లాగి మూత పీకాడు. ఈసారి 'ఉస్స్' మంది. గ్లాసులోకి నల్లటి ధార జారింది.

"ఇది అసలు సరుకే!" నార్మన్ అరిచాడు.

ఆ వాసన బల్లల మీదుగా వచ్చి జానిస్‌ను తాకింది. ఎండుద్రాక్ష, మాడిన బెల్లం, పాత చెక్క బీరువా తెరిస్తే వచ్చే గాలి. ఈ వాసన తనకు తెలుసు. ఇది దగ్గు మందు.

గ్రెగ్ పాకే రోజుల్లో మొదటిసారి. క్రిస్మస్ విందు అయ్యాక మగవాళ్లు సోఫాల్లో కూలబడితే, గిన్నెల గుట్ట ముందు తను ఒక్కతే నిలబడింది. "మా అమ్మ నలుగురిని పెంచింది, ఒక్కరోజు అలిసిపోయానని అనలేదు," అని క్లైవ్ అప్పుడే అని వెళ్లాడు. ఆ అమ్మే, బీరు కర్మాగారంలో సీసాలు నింపే హాలులో జీవితమంతా పనిచేసి చేతులు బండబారిన అత్తగారు ఐవీ, వెనకనుంచి వచ్చి చిన్న గ్లాసు చేతిలో పెట్టింది. "తాగు బాతుపిల్లా, దగ్గు మందు." బర్టన్‌లో ఎవరు ఎవరినైనా అలాగే పిలుస్తారు, కానీ ఐవీ నోట ఆ పిలుపు వినడం అదే మొదలు. "నాకు దగ్గు లేదత్తయ్యా." "వస్తుంది. ఈ ఇంట్లో గొంతుకు అడ్డం పడేవి చాలా ఉన్నాయి. తాగు." అది గొంతును కాల్చుకుంటూ దిగింది. మరుసటి ఏడు కాస్త తక్కువ కాల్చింది. ఆ తర్వాత ప్రతి చలికాలం, సరిగ్గా తను ఏ మాటా పైకి అనలేక మింగేసిన రోజునే, ఆ గ్లాసు వచ్చేది. బడి వంటగదిలో ఉద్యోగం వచ్చిందంటే, "మరి నా భోజనం ఎవరు చూస్తారు?" అని క్లైవ్ అన్న రోజున వచ్చింది. తన తల్లి చనిపోతే రెండు రోజుల్లో తిరిగి రమ్మని క్లైవ్ అన్నప్పుడు వచ్చింది. బీరేనని అనుమానం రాకపోలేదు. ఏ బీరని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అత్తగారు తనకోసం ఒక్క గ్లాసు దాచడమే పండగలా ఉండేది.

ఐవీ పోయి రెండు చలికాలాలైంది. వెనక వరస మాత్రమే మిగిలింది అందుకేనా! ఖాళీ అయిన సీసాలను అత్తగారే కడిగి, పాలు లేని టీ నింపి, మూత బిగించి, లక్క పోసి తిరిగి సర్దింది. ఆ పని ఐవీ కంటే బాగా ఎవరికి చేతనవును? బయట అందరి ముందూ 'మా కోడలికి చురుకు లేదు' అని దెప్పిన మనిషి, లోపల ఏడాదికొక సీసా తనకోసం తెరిచింది. జానిస్ కళ్లు నిండాయి. నవ్వు కూడా వచ్చింది.

"అబ్బా, ఏం పాకానికి వచ్చిందిరా!" నార్మన్ లొట్టలేశాడు. "నీ నేలమాళిగ చలవ."

"ఎండాకాలంలో కూడా చల్లగా ఉంచుతాను," క్లైవ్ కాస్త తేరుకున్నాడు.

ప్రతి ఎండాకాలం తడి గోనెసంచులు మెట్లు దింపి ఆ పెట్టె మీద కప్పింది ఎవరో జానిస్ నడుముకు తెలుసు.

టాంసిన్ తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసింది.

నోరు విప్పితే, క్లైవ్ దేవతలా కొలిచే తల్లి దొంగ అవుతుంది. విప్పకపోతే కూతురు అవుతుంది. ఐవీ ఉంటే ఏమనేదో ఆలోచించనక్కర్లేకపోయింది.

జానిస్ పళ్లెం కింద పెట్టి, క్లైవ్ చేతిలోని గ్లాసు తీసుకుని, మెల్లగా ఒక గుక్క తాగింది.

"జానిస్! నీకేం తెలుస్తుంది దాని రుచి?"

"మొదట్లో నిప్పులా ఉండేది," అంది జానిస్. "గ్రెగ్ బడికి వెళ్లే నాటికి చేదు విరిగింది. వాడికి మీసాలొచ్చే వేళకు ఎండుద్రాక్ష వాసన పట్టింది. ఈ చెక్క వాసన మాత్రం కొత్త. రెండేళ్లుగా నాకు ఎవరూ పొయ్యలేదు."

నార్మన్ గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"టాంసిన్, కోటు విప్పు. ఇలా వచ్చి ఇది తాగు, మీ నానమ్మ పోసిందనుకో." గ్లాసు కూతురి వైపు చాచి, జానిస్ భర్త కళ్లలోకి చూసింది. గొంతులో ఏ అడ్డూ లేదు.

"దొంగ మీ అమ్మ, క్లైవ్. తాగింది నేను."