ట్రిగ్గర్ బరువు

కొత్త రైఫిల్ చేతికి రాగానే సుధేష్ణ కాల్చలేదు. ముందు బల్ల మీద పడుకోబెట్టి ఒక్కో భాగమూ తడిమి చూసింది. బ్యారెల్‌కీ దాని కింది చెక్కకీ మధ్య సన్నటి కాగితం ముక్క దూర్చి ఈ కొస నుంచి ఆ కొసదాకా లాగింది. ఎక్కడా పట్టుకోలేదు. కాల్చినప్పుడు బ్యారెల్ చెక్కకి తగిలితే తూటా దారి తప్పుతుంది. తగలడం లేదని తెలిశాక స్కోపు బిగించిన మరలన్నీ ఒకటొకటిగా సరిచూసింది.

ఆ రైఫిల్‌ని పరీక్షించమని ఇచ్చిన డెక్లన్ చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి. డబ్లిన్‌కి పడమరగా, పీట్ అనే నల్లటి చిత్తడి నేలల మధ్య అతని తుపాకుల దుకాణం, దాని వెనక షూటింగ్ రేంజ్ ఉన్నాయి. అక్కడి షూటింగ్ క్లబ్బులో ఎవరు ఏ రైఫిల్ కొనాలన్నా "సుధేష్ణ చూసిందా?" అని అడగడం అలవాటైపోయింది. క్లాండాల్కిన్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె టెస్టర్. తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే ఉద్యోగం.

గుంటూరులో కాలేజీ చదివేటప్పుడు ఎన్.సి.సి.లో రైఫిల్ పట్టింది. రాష్ట్రం తరఫున పోటీలకీ వెళ్ళింది. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పాప హాసిని. ఐర్లండ్ వచ్చిన చాలాకాలానికి ఆఫీసులో ఎవరో ఈ క్లబ్బు సంగతి చెబితే మళ్ళీ మొదలుపెట్టింది. ఉగాది కలయికల్లో ఆంటీలు "తుపాకీతో ఏం చేస్తావే తల్లీ?" అని బుగ్గలు నొక్కుకునేవారు. "కాగితానికి చిల్లులు పెడతానాంటీ" అనేది.

భర్త చక్రధర్‌కి తుపాకీ మోత పడదు. శనివారం ఆమెను కారులో దింపి, అద్దాలు మూసుకుని పాటలు వింటూ కూర్చుంటాడు. ఆరోజూ అంతే.

సుధేష్ణ తూటా ఎక్కించే బోల్ట్ పైకెత్తి వెనక్కి లాగింది. కొద్దిగా కష్టమైంది.

"బిర్రుగా ఉంది" అంది.

"కొత్తది కదా" అన్నాడు డెక్లన్.

వంద మీటర్ల దూరంలో లక్ష్యం. ఊపిరి వదిలి, సగంలో ఆపి, ట్రిగ్గర్ నొక్కింది. అలా అయిదు తూటాలు. ఈ తరగతి రైఫిల్‌తో ఆమె కాలిస్తే అయిదు రంధ్రాలూ ఒక్క రూపాయి బిళ్ళ కింద దాగిపోవాలి. కాగితం తెచ్చి చూస్తే అరచేయంత మేర చెదిరిపోయి ఉన్నాయి. అన్నీ కిందికి, కుడివైపుకి జారాయి.

ఆమె కంగారు పడలేదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, అది ఆమె పద్ధతి. బ్యారెల్ చల్లారనిచ్చింది. వేరే కంపెనీ తూటాలు వాడింది. అదే చెదురు. రైఫిల్ కింది ఇసుక సంచి మార్చింది. చెదురు ఇంకా పెద్దదైంది. గాలి లేదు, జెండాలు కర్రలకి అంటుకుని వేలాడుతున్నాయి.

"ట్రిగ్గర్ బరువుగా ఉంది, డెక్లన్. చివర్లో ఎక్కడో పట్టేస్తోంది."

డెక్లన్ లోపలికి వెళ్ళి తూకపు కొక్కెం తెచ్చాడు. ట్రిగ్గర్‌కి తగిలించి మెల్లగా లాగాడు. మళ్ళీ లాగాడు. ముల్లు ఆమెవైపు తిప్పి చూపించాడు.

"ఇంతకన్నా తేలికైతే తుమ్మినా పేలుతుంది."

సుధేష్ణ ముల్లు చూసింది. తర్వాత కుర్చీలోంచి లేచి, "నువ్వు కాల్చు" అంది.

అతను కళ్ళద్దాలు తుడుచుకుని, ఎక్కడో నొప్పిగా ఉన్నట్టు మూలుగుతూ కూర్చుని, అయిదు కాల్చాడు. కాగితం తెచ్చి ఆమె చేతికివ్వడానికి కాస్త తటపటాయించాడు. అయిదు రంధ్రాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని పువ్వులా ఉన్నాయి.

తూటాలు మార్చింది. సంచి మార్చింది. మనిషిని మార్చింది. సుధేష్ణ తన కుడిచెయ్యి ముందుకు చాచి చూసుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన మెత్తటి కండ లోపలికి పోయి, అక్కడ చిన్న గుంట పడింది. ఆ గుంటలో చర్మం కింద ఏదో సన్నగా అదురుతోంది.

"రైఫిల్‌లో ఏ లోపమూ లేదు" అంది.

"అలసిపోయి ఉంటావు. వచ్చే వారం రా."

"లేదు డెక్లన్. మంచి రైఫిల్. ఎవరడిగినా నేను చెప్పానని చెప్పు."

కారులో ఎక్కి సీటు బెల్టు పెట్టుకోబోతే అది గాడిలో దిగలేదు. చక్రధర్ వంగి బెల్టు పెట్టాడు. కారు స్టార్ట్ చేయలేదు.

"ఏమండీ, నా చేతిలో బలం పోతోంది."

అతను ఆమెవైపు తిరిగాడు.

"ఎప్పట్నించీ?"

"ఇవాళే తెలిసింది."

"ఇవాళ కాదు సుధా. ఆవకాయ సీసా మూత హాసిని చేత తీయిస్తున్నావు. తాళం రెండు చేతుల్తో తిప్పుతున్నావు. ఆఫీసులో పనెక్కువై నీరసం అనుకున్నా. అడగలా."

"నేనూ అనుకోలేదుగా."

"అడగాల్సింది" అన్నాడతను మళ్ళీ.

జీపీ, అంటే వాళ్ళ కుటుంబ డాక్టరు, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి పెద్దగా ఏమీ అనకుండా బోమాంట్ ఆసుపత్రికి పంపింది. అక్కడ కండల్లోకి సూదులు గుచ్చి పరీక్షలు చేశారు, స్కానులు తీశారు. ఆఖరున ఓ డాక్టరు తన కుర్చీ వాళ్ళకి దగ్గరగా జరుపుకుని కూర్చుంది. అలా జరుపుకున్నప్పుడే సుధేష్ణకి అర్థమైంది. మోటార్ న్యూరాన్ వ్యాధి. మెదడు నుంచి కండలకి కబురు తీసుకెళ్ళే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. ఆపే మందు లేదు. జబ్బు వేగాన్ని కొంచెం తగ్గించే మాత్రలు ఉన్నాయి.

"ముందు చేతులు. తర్వాత?" అని అడిగింది సుధేష్ణ.

డాక్టరు దాచలేదు. కాళ్ళు, గొంతు, ఊపిరి అని చెప్పింది.

ఇంటికొచ్చాక హాసినికి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. పిల్ల పదో తరగతి వయసుది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. తల్లి చెప్పిందంతా విని, "బట్ యూ ఆర్ గ్రాండ్, మామ్. యూ లుక్ గ్రాండ్" అంది, బాగానే ఉన్నావు కదా అన్నట్టు. ఆ తర్వాత పక్కన చేరి, చిన్నప్పుడు తప్ప ఎన్నడూ మాట్లాడని తెలుగులో, "అమ్మా, నాకు భయమేస్తోంది" అంది. సుధేష్ణ ఎడమచేత్తో ఆ తల నిమురుతూ ఉండిపోయింది. తనకీ భయంగానే ఉందని ఆ రాత్రి చెప్పలేకపోయింది.

తన పాత రైఫిల్ లైసెన్సు ఇక అక్కర్లేదని గార్డ్స్‌కి, అంటే ఐర్లండ్ పోలీసులకి, తనే ఫోన్ చేసి చెప్పింది. ఆ రైఫిల్‌ని డెక్లన్‌కి అప్పగించడానికి వెళ్ళినరోజు చక్రధర్ మొదటిసారి కారు దిగి ఆమెతోపాటు లోపలికి వచ్చాడు. జబ్బు సంగతి విన్నంతసేపూ డెక్లన్ నేలవైపే చూశాడు. తర్వాత రైఫిల్‌ని పెట్టెలో పెట్టి, మూత వేయడం మరిచిపోయి, టీ పెట్టడానికి వెళ్ళాడు. ఎంతకీ తిరిగిరాలేదు. చక్రధర్ వెళ్ళి చూస్తే ముసలాయన కెటిల్ ముందు నిలబడి ముఖం తుడుచుకుంటున్నాడు.

టీ తాగుతూ డెక్లన్, "ఆ కొత్త రైఫిల్ నొరీన్ అడుగుతోంది. నువ్వు మంచిదన్నావని చెప్పాను" అన్నాడు. నొరీన్ అనే స్కూలు టీచరు ఆ మధ్యే క్లబ్బులో చేరింది. "ఆమెకి పక్కన కూర్చుని చెప్పేవాళ్ళు కావాలి, సుధేష్ణా. నా కళ్ళు అంతసేపు ఆనవు."

"నేనా?"

"నీ కళ్ళకేమైంది?"

ఆ మాటకి సుధేష్ణ ఏడ్చింది. ఆసుపత్రిలో కూడా ఏడవని మనిషి, టీ కప్పు బల్లమీద పెట్టడానికి రెండు చేతులూ వాడుతూ, వెక్కి వెక్కి ఏడ్చింది. చక్రధర్ ఆమె వీపు మీద చెయ్యి వేశాడు.

ఆ వేసవంతా శనివారాలు వెళ్ళింది. మూడుకాళ్ళ దుర్భిణి ముందు కూర్చుని, నొరీన్ కాల్చిన ప్రతి తూటా ఎక్కడ పడిందో చెప్పేది. "ఊపిరి ముందే బిగబట్టావు." "వేలు చివరతో నొక్కు." కొన్నిసార్లు నొరీన్ బాగా కాల్చినప్పుడు సుధేష్ణ మొహంలో సంతోషం కనిపించేది, ఆ వెనకే ఇంకేదో వచ్చి దాన్ని తుడిచేసేది. ఒకసారి ఇంటికి వస్తూ దారిలో అంది: "ఆ రైఫిల్ ఎంత బాగా కాలుస్తుందో చూశారా? ఒక్కసారన్నా నా చేతిలో అట్లా కాల్చుంటే బాగుండేదండీ."

ఆకులు రాలే కాలానికి కాళ్ళు మొరాయించాయి. చక్రాల కుర్చీ వచ్చింది. దుర్భిణి చక్రం తిప్పడానికి వేళ్ళు సాగకపోతే చక్రధర్ పక్కన స్టూలు వేసుకుని, చెవులకి మోత తగ్గించే మఫ్స్ పెట్టుకుని, ఆమె చెప్పినట్టు తిప్పేవాడు. మొదట్లో ప్రతి మోతకీ ఉలిక్కిపడేవాడు.

క్రిస్మస్ ముందు గొంతు మారింది. మాట ముద్దగా వచ్చేది. నొరీన్ చెవి దగ్గరగా పెట్టినా అర్థంకాక, అర్థమైనట్టు తలూపడం మొదలుపెట్టింది. సుధేష్ణ అది కనిపెట్టి మాట్లాడటం మానేసింది. క్లబ్బుకి రానని కూడా అంది. చక్రధర్ వినలేదు.

"నాకు అర్థమవుద్ది. నువ్వు నాకు చెప్పు, నేను నొరీన్‌కి చెప్తా" అన్నాడు.

ఆ శనివారం పీట్ నేలల మీద సన్నగా వాన పడుతోంది. నొరీన్ కాల్చింది. సుధేష్ణ దుర్భిణిలో చూసి ఏదో అంది. చక్రధర్ తన మఫ్ ఒకటి పైకి లాగి, ఆమె పెదవుల దగ్గరికి వంగి విన్నాడు.

"అరంగుళం ఎడమకి, నొరీన్" అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పాడు.

సుధేష్ణ కళ్ళతోనే కాదంది. అతను మళ్ళీ వంగాడు.

"పావంగుళం" అని దిద్దుకున్నాడు. "పావంగుళమేనంట."

నొరీన్ తలూపి బోల్ట్ లాగింది. చక్రధర్ సుధేష్ణ ఒడిలోంచి జారిన దుప్పటి సర్ది, తర్వాతి మాట కోసం వంగే ఉన్నాడు.