కుళ్ళాయప్ప మార్చిన డెస్క్‌టాప్‌లు

నేను ఒక కంప్యూటర్ని. ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే కుళ్ళాయప్ప ఇంట్లో ఉంటున్నాను. పుట్టుక గురించి అడక్కండి. ఒకే రకం పెట్టెలు వరసగా కదిలిపోవడం తప్ప ఏమీ గుర్తులేదు. ఆ తర్వాత ఏదో ఆఫీసులో కొన్నాళ్లు. అక్కడివాళ్లు నా ముందు కూర్చుని అంకెలు కొట్టేవారు, ఆవులించేవారు. పాతబడ్డానని అమ్మేస్తే ఇక్కడ తేలాను. కుళ్ళాయప్ప మర్యాదస్తుడు. తెర తుడిచిగాని పనికి కూర్చోడు.

అలాంటి మనిషికి ఒక పిచ్చి పట్టుకుంది. లోపల యంత్రం ఒకటే అయినా, పైన తెరకు తొడిగే డెస్క్‌టాప్‌లు బోలెడు దొరుకుతాయట. ఒకదాంట్లో గుర్తుల పట్టీ కింద ఉంటుంది, ఇంకోదాంట్లో పైన. ఒకటి నల్లన, ఒకటి బూడిదరంగు. ఒకటి పెట్టేవాడు, తీసేసేవాడు, మరోటి పెట్టేవాడు. రంగుల పెట్టెను ఎడమకు జరిపి, మళ్లీ కుడికి జరిపేవాడు. "దీంట్లో రంగులు సరిగ్గా కూచోడంల్యా" అని విసుక్కునేవాడు.

ఆయన భార్య ఈశ్వరమ్మ నవ్వేది. "నీకు గీసేదానికంటే దాన్ని సింగారించేదే ఎక్కువైంది పో!"

నాకూ అలాగే తోచింది. పని మొదలుపెట్టకుండా బల్ల సర్దుకుంటూ కూర్చోవడం మనుషులకు సరదా. నేను చూపే నీలం మాత్రం ఎందులోనైనా నీలమే. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. లేదే అని బాధ కూడా కలగలేదు.

ఒకరోజు మగ్గం నేసే ఆదెప్ప ఒక చీర తెచ్చి నా ముందు పరిచాడు. కుళ్ళాయప్ప తెర మీద వేసిచ్చిన రంగులతోనే నేశాడు. నీలం అంచు అడిగిన షావుకారు, ఇది చూసి వద్దని తిప్పి పంపాడు.

"కుళ్ళాయన్నా, ఈ అంచు ఏం రంగు?"

"నీలమే కదప్పా."

ఆదెప్ప ఈశ్వరమ్మ వైపు చూశాడు. ఆమె అంచు పట్టుకుని చూసింది. "అది ఆకుపచ్చయ్యా" అంది.

"అంతా ఈ పాడు డెస్క్‌టాప్ చేసిన పని!" అని ఆయన అప్పటికప్పుడు ఇంకోటి పెట్టాడు. చీర మాత్రం మారలేదు.

అనంతపురంలో కంటి డాక్టరు, చక్కెర జబ్బు కళ్లకు పాకిందని, పోయిన రంగులు తిరిగి రావని చెప్పాడట. ఇంటికొచ్చాక ఎవరూ ఏడవలేదు. ఈశ్వరమ్మ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఆయన నా ముందు కూర్చుని డెస్క్‌టాప్‌లో రంగులన్నీ తీసేశాడు. పట్టీ, గుర్తులు, అక్షరాలు, అన్నీ నలుపు తెలుపు. రంగుల పెట్టెను కనబడకుండా దాచేశాడు. డిజైన్ ప్రకారం బెజ్జాలు కొట్టి మగ్గానికి తగిలించే అట్టలకు రంగుతో పనిలేదు, బెజ్జం ఉందా లేదా అన్నదే కావాలి. గీత ఇంకా ఆయన చేతిలోనే ఉంది. గళ్ల మీద హంస మెడ చక్కగా ఒంపు తిరిగింది. ఆ రోజంతా ఏదీ మార్చకుండా పనిచేశాడు. నేను సంతోషించాలేమో. ఏమీ అనిపించలేదు.

సాయంత్రం ఆదెప్ప వచ్చాడు. పాడైన చీర ఊసు ఎత్తలేదు. హంసను చూసి బాగుందన్నాడు. అలవాటు కొద్దీ, "రంగులేం వేద్దామన్నా?" అని అడిగేసి నాలుక కరుచుకున్నాడు.

"మీ వదినెను అడుగప్పా" అన్నాడు కుళ్ళాయప్ప.

ఈశ్వరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, తెర వైపు చాలాసేపు చూసి, "నీలం" అంది.

ఎట్లాంటి నీలమో ఆయన అడగలేదు.