మేడగదిలో ఇంకో గొంతు

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఆమెను సంఘంలోని కుర్రకారంతా అద్దాలక్క అని పిలిచేవాళ్ళు. మనిషి నెమ్మది, మాట మాత్రం సూటి. ఎవరైనా పెళ్ళి ఊసెత్తితే "నాకు సరిపడే పవర్ ఇంకా తయారవలేదండీ" అని నవ్వేసేది. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే చదివి, ఆ ఊరి పొలిమేర దాటి ఎక్కడా కాపురం ఉండని మనిషి. ఆమె అక్కను చేసుకున్నాయనే ఆ సంఘానికి పాస్టరు.

ఒక ఆదివారం ఆరాధన ముగిసి భోజనాలకు కూర్చున్నప్పుడు ఆ బావ కదిపాడు.

"మరదలా, యౌవనస్థుల కూడిక నువ్వు మొదలుపెట్టాలి."

"ఇదివరకు మీరు మొదలుపెట్టారుగా బావా. మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది."

"నేను నోరు తెరిస్తే అది ప్రసంగమైపోతుంది. కుర్రాళ్ళు ఆవలిస్తారు."

"కుర్రాళ్ళేనా? కట్టుకున్న పాపానికి నేనూ ఆవలిస్తున్నాను," అంది అక్క గిన్నెలు తీస్తూ.

నవ్వులయ్యాక అద్దాలక్క మనసులో మాట బయటపెట్టింది. "నా భయం అది కాదు బావా. పిల్లల్ని పోగుచేస్తాం, వాళ్ళమీద మనసు పెట్టుకుంటాం. తీరా రెక్కలొచ్చాక ఉద్యోగమని ఒకరు, పెళ్ళని ఒకరు ఎగిరిపోతారు. ఖాళీ కుర్చీల్ని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు."

"ఖాళీ అయిన కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చుంటారులే," అన్నాడు బావ తేలిగ్గా.

సరే అన్నాక మాత్రం ఆమె పనిని గాలికి వదిలే రకం కాదు. మీటింగులో ఏం చెప్పాలా అని ఆలోచించే ముందు, పిల్లలకు ఏం కావాలో వాళ్ళనే అడుగుదామని బయల్దేరింది. వెల్డింగ్ షాపులో నిప్పురవ్వలకు ఎడంగా నిలబడి, అక్కడ పనిచేసే, తను తమ్ముడూ అని పిలిచే సంఘం కుర్రాణ్ణి అడిగింది. బేకరీలో కేకుల అల్మారా వెనక నిలబడే అమ్మాయిని అడిగింది. నర్సింగ్ చదువు ముగించి ఇంట్లో ఉంటున్న, అందరూ నర్సమ్మ అని పిలిచే పిల్లను బస్టాపులో పట్టుకుంది. అందరూ ఇంచుమించు ఒకటే చెప్పారు. ప్రసంగం వద్దు. పాటలుండాలి. మనసులో అనుమానం బయటికి చెబితే ఎవరూ ముక్కుమీద వేలేసుకోకూడదు. "మా గురించి కాస్త ప్రార్థన చెయ్యండక్కా. పేరు పెట్టి. ఊరికే 'యౌవనస్థుల కొరకు' అని గుంపుగా కాదు," అంది నర్సమ్మ.

చోటు కూడా కుదిరింది. గుడి వెనక, సామాన్ల కొట్టు మీద ఒక మేడగది ఉంది. విరిగిన బల్లలు పడేసి తలుపు వేసిన గది. చెక్కమెట్లు. ఒకటే కిటికీ. దాని అద్దానికి ఎవరో ఎప్పుడో తెల్లరంగు పూయడంతో మిట్టమధ్యాహ్నం కూడా లోపల పాలు కలిపిన నీళ్ళలాంటి వెలుతురు ఉండేది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కొంగు బిగించి శుభ్రం చేశారు. నేల తుడుస్తున్న అద్దాలక్కకు వీపు వెనక ఎవరో నిట్టూర్చినట్టు వినిపించింది.

"అలిసిపోయావా? కాసేపు కూర్చోవే," అంది వెనక్కి తిరక్కుండానే.

"ఎవర్తోనే మాట్లాడుతున్నావ్?" అని అక్క గొంతు కింద కుళాయి దగ్గర్నుంచి వచ్చింది.

మొదటి కూడికకు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే వచ్చారు. గుండ్రంగా కుర్చీలేసుకుని పాటలు పాడారు, ఒక వచనం చదివి కాసేపు వాదులాడుకున్నారు. చివర్లో కళ్ళు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరు, పక్కవాళ్ళ కోసం ఒక్క మాటలో ప్రార్థన చేయాలి. వెల్డింగ్ తమ్ముడు బేకరీ అమ్మాయి కోసం తడబడుతూ ఏదో అని ఆమెన్ అన్నాడు. తర్వాతి వంతు నర్సమ్మది. ఆపైన ఒక ఆడగొంతు, జలుబు చేసిన పిల్ల గొంతులా కాస్త బొంగురుగా, "ప్రభువా, ఈ తమ్ముడి ఎడమకంట్లో నల్లచుక్కలు తిరుగుతున్నాయి. ఎవరికీ చెప్పుకోలేదు. ఆ చూపు కాపాడు," అంది. దాని వెనకే నర్సమ్మ మామూలు గొంతుతో తన ప్రార్థన మొదలుపెట్టింది.

టీ తాగుతున్నప్పుడు తమ్ముడు అద్దాలక్క దగ్గరకు వచ్చి గుసగుసగా అడిగాడు. "నా కంటి సంగతి నీకెలా తెలిసిందక్కా?"

"నేనెక్కడన్నాను? నర్సమ్మ కదా అంది?"

"నేనా? నేను నువ్వే అనుకున్నానక్కా," అంది నర్సమ్మ బిస్కెట్టు నోటిదాకా తెచ్చి ఆపేసి.

మర్నాడే అద్దాలక్క అతన్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇంకొన్నాళ్ళు అశ్రద్ధ చేస్తే ఆ కన్ను పోయేదేనన్నాడు డాక్టరు.

రెండోవారం ఆ గొంతు బేకరీ అమ్మాయి కోసం ప్రార్థించింది. ఆ పిల్ల రాత్రుళ్ళు ఎందుకు ఏడుస్తుందో కన్నతల్లికి కూడా తెలియదు, గొంతుకు తెలుసు. ఈసారి పిల్లలు కళ్ళు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి పెదవులూ కదల్లేదు. గొంతు మాత్రం కుర్చీల నడుమనుంచి, కూర్చున్న మనిషి తల ఎత్తులోంచి, పూర్తిగా వినిపించి ఆమెన్ అని ఆగింది. ఎవరికీ కేక కూడా రాలేదు. ఒళ్ళంతా చలి పాకిందని తర్వాత చెప్పుకున్నారు.

భయపడి మానేస్తారనుకుంది అద్దాలక్క. జరిగింది వేరు. మాట ఆనోటా ఈనోటా పడి, తర్వాతి వారానికి కొత్తవాళ్ళు వచ్చారు. ఆపైన గది పట్టనంతమంది. పాటలప్పుడు ఎవరికీ పాటమీద ధ్యాస ఉండేది కాదు. వాక్యం చదువుతుంటే పరధ్యానంగా నేలచూపులు చూసేవాళ్ళు. ప్రార్థనవేళ కాగానే ఊపిరి బిగబట్టి, ఇవాళ తమ వంతేనేమో అని కాచుకుని కూర్చునేవాళ్ళు. తను మొదలుపెట్టింది ఒకటి, నడుస్తున్నది ఇంకొకటి అని ఆమెకు తెలుస్తూనే ఉంది. కాని నిండిన కుర్చీలు చూస్తే కడుపు నిండినట్టుండేది.

నర్సమ్మకు దూరపు ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఆ ఆదివారం అందరూ చప్పట్లు కొట్టారు. ప్రార్థనప్పుడు గొంతు ఆ సంగతే ఎత్తుకుంది. "ప్రభువా, ఈమెను ఇక్కడే ఉంచు. వీళ్ళలో ఒక్కరినీ కదలనివ్వకు."

తెల్లారి ఫోనొచ్చింది. ఆ ఉద్యోగం రద్దయిందట.

వెల్డింగ్ తమ్ముడు ఓడలు కట్టేచోట పని దొరికి, పెట్టె సర్దుకుని చెప్పిపోదామని వచ్చాడు. మేడమెట్లు దిగుతూ దిగుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. బేకరీ అమ్మాయికి పైఊరి సంబంధం కుదిరితే, ఆ మగపెళ్ళివారు కారణం చెప్పకుండానే వద్దనుకున్నారు. "మన మీటింగుకొస్తే ఊరు దాటనివ్వరోయ్," అని ఎవరో వేళాకోళం ఆడారు. ఎవరూ నవ్వలేదు.

అద్దాలక్క బావ దగ్గరకు వెళ్ళి కూర్చుంది.

"నర్సమ్మ ఉద్యోగం పోయిందని తెలిసినప్పుడు నాకేమనిపించిందో తెలుసా బావా? అమ్మయ్య అనిపించింది. ఆ పిల్ల భుజంమీద చెయ్యేసి ఓదారుస్తూనే, లోపల సంతోషించాను. ఆ గొంతు ఎవరిదో నాకు తెలీదు. కాని అది అడిగేది మాత్రం నేను అడగాలనుకున్నదే."

"వచ్చే వారం నేనూ వచ్చి కూర్చుంటాను," అన్నాడు బావ.

వచ్చాడు. అక్క కూడా వచ్చింది. తెల్లరంగు కిటికీలోంచి మధ్యాహ్నపు వెలుతురు అందరి మొహాల రక్తం పీల్చినట్టు పడుతోంది. ప్రార్థన మొదలై, నాలుగు గొంతులు దాటి, బావ దగ్గరికొచ్చింది. ఆయన నోరు తెరవబోతుండగా ఆ బొంగురు గొంతు, ఆయన పక్కనే, ఆయన చెవికి ఆనినంత దగ్గరగా పలికింది.

"ప్రభువా, ఈయనకు బదిలీ వచ్చింది. భార్యకు కూడా చెప్పలేదు. ఈయన్నీ ఆపు."

అక్క తటాలున మొగుడి వైపు తిరిగింది. ఆయన మొహం సున్నం కొట్టిన గోడయింది. నిజమే. ఇంటికెళ్ళి నెమ్మదిగా చెబుదామని దాచుకున్నాడు.

అక్క వెళ్ళిపోతుంది! అద్దాలక్కకు తట్టింది అదొక్కటే. ఆ వెనకే, ఆపు అన్న ఆ మాటకు ఆమెన్ అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆ మాటను నోట్లోనే నొక్కిపెట్టి, లేచి నిలబడి, కళ్ళు తెరిచే ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, మా నర్సమ్మను పంపు."

"వద్దు," అంది గొంతు.

"ఈ తమ్ముడి కాలు బాగుచేసి పంపు."

"వద్దు."

"మా అక్కను, బావను పంపు. నాకు కష్టంగానే ఉంటుంది. అయినా పంపు."

"వద్దు, వద్దు," అని గొంతు ఏడుపులోకి దిగింది. పిల్లలు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. అద్దాలక్కకు కోపం రావాల్సింది పోయి జాలి వచ్చింది. ఆ ఏడుపు ఎవరిదో తెలియకపోయినా ఎందుకో మాత్రం ఆమెకు బాగా తెలుసు.

"నిన్ను ఇక్కడ ఒంటరిగా ఎవరొదిలేసి పోయారో నాకు తెలీదమ్మా," అంది. "కాని వీళ్ళను పట్టుకుని ఉంటే నీ ఒంటరితనం తీరదు. నాదీ తీరదు. నువ్వు కూడా బయల్దేరు తల్లీ."

ఏడుపు ఆగింది. గదిలో అందరూ ఉన్నచోటే ఉన్నారు. బయట చెక్కమెట్లు మాత్రం కిర్రుమన్నాయి. ఒకదాని కింద ఒకటి, తొందరలేకుండా, ఎవరో దిగుతున్నట్టు. కింద తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మూసుకున్న చప్పుడు వినిపించలేదు.

ఆ తర్వాత కూడిక పల్చబడింది. గొంతు కోసం వచ్చినవాళ్ళు గొంతుతోపాటే పోయారు. మిగిలినవాళ్ళు మాత్రం పాటలు పాటల్లాగే పాడారు, వాక్యంమీద గట్టిగా వాదులాడుకున్నారు. ఒకరి కష్టం ఒకరికి చెప్పడానికి ఇప్పుడు ఎవరి నోరు వాళ్ళే తెరవాల్సి వచ్చేది. అది కాస్త ఆలస్యమయ్యేది. అయినా చెప్పుకున్నారు. అసలు కూడిక మొదలైంది అప్పుడే అని అద్దాలక్క అనేది.

నర్సమ్మకు మళ్ళీ కబురొచ్చింది, వెళ్ళింది. తమ్ముడు కట్టు విప్పించుకుని కుంటుతూ రైలెక్కాడు. అక్కాబావల సామాను లారీకెక్కిన రోజు అద్దాలక్క అక్కను కరుచుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. "వెళ్ళవే, వెళ్ళు," అని మళ్ళీ తనే తోసింది.

కొన్నాళ్ళకు, దుకాణంలో ఒక అద్దానికి అంచు అరగదీస్తుండగా నర్సమ్మ ఫోన్ చేసింది. హాస్టల్లో తనూ ఇంకో ఇద్దరూ కలిసి ఆదివారాలు చిన్న కూడిక పెట్టుకున్నారట.

"మంచిదే కదే! మరి నీ గొంతలా ఉందేంటి?"

"మేం ముగ్గురమే అక్కా. నిన్న ముగ్గురం ప్రార్థన ముగించాక, ఇంకొకటి వినిపించింది. అదే బొంగురు గొంతు."

అద్దాలక్క మిషను ఆపింది. "ఏమడిగింది?"

"మా గురించి ఏమీ అడగలేదు. నీ గురించే అడిగింది." నర్సమ్మ గొంతు తగ్గించింది. "'ఆమె అందరినీ పంపింది ప్రభువా. ఆమెను పంపమని ఎవరూ అడగలేదు. ఆమెను కూడా పంపు' అందక్కా."

అద్దాలక్క నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేసి, అరగదీసిన అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది.

ముందుగదిలోంచి దుకాణం యజమాని తొంగిచూశాడు. "అమ్మాయ్, నీతో ఒక మాట. మా తమ్ముడు వేరే ఊళ్ళో కొత్త దుకాణం తెరుస్తున్నాడు. నమ్మకమైన మనిషి కావాలంటున్నాడు. నువ్వు ఊరు కదలవని తెలుసనుకో, అయినా అడుగుతున్నాను."

ఆమె గుడ్డ పక్కన పెట్టింది. ఆయన భుజం మీదుగా, తెరిచి ఉన్న వీధితలుపు వైపు చూసింది.

"ఎప్పుడు రమ్మంటారండీ?" అంది.