ఎర్ర డబ్బా

మా మామగారికి పక్షవాతం వచ్చి తగ్గాక కాలూ చెయ్యీ చాలావరకు దారికొచ్చాయి. నాలుక మాత్రం మొండికేసింది. ముఖ్యంగా 'ల' అక్షరం ఎక్కడో తప్పిపోయింది. పాలు అడిగితే 'పాయు' అని వినిపించేది, ఒక్కోసారి ఆ అక్షరం అసలు బయటికే వచ్చేది కాదు. చిన్నపిల్లలు అలా అంటే ముద్దు చేస్తాం. ఉద్యోగమంతా బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో ఊరందరికీ చెప్పిన మనిషి అంటే మాత్రం ఎటు చూడాలో తెలియదు. ఆ ఉద్యోగంలో ప్రతి మాటా రెండుసార్లు చెప్పేవారు. ఇప్పుడు ఒక్కసారి చెప్పి, మనకు అర్థం కాకపోతే ఎడమచెయ్యి విసురుగా ఊపేసి గోడవైపు తిరిగేవారు. రెండోసారి అడిగామా, ఆ పూటకి మౌనవ్రతమే.

"మాట్లాడుతూ ఉంటేనే మాట నిలుస్తుంది. మానేస్తే ఉన్నది కూడా పోతుంది" అని డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. మావారు లారీ మీద వెళ్తే ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. కనుక ఆ భారం నా నెత్తినే పడింది. నేనేమో గలగలా వాగే మనిషిని. ఎదురుగా కూర్చుని ఎంత వాగినా ఆయన తలూపడమే. రోజురోజుకీ మాటలు తగ్గిపోతుంటే నాకు లోపల్లోపల భయం పట్టుకుంది.

అప్పుడొచ్చాడు కత్తెర. మామగారి చిన్ననాటి స్నేహితుడు, మా వీధి చివర క్షౌరశాల అతనిదే, అందుకే అందరూ అలా పిలుస్తారు. కోసే జుట్టు తక్కువ, కోసే కోతలు ఎక్కువ. పాత పెయింటు డబ్బా ఒకటి, ఆకుపచ్చది, తెచ్చి బాల్కనీలో దింపాడు. అందులో తడి మట్టి, మట్టిలో గుప్పెడు వానపాములు. చేపలు పట్టేవాళ్ళు వాటిని ఎర్రలంటారు.

"ఒరేయ్, అరువు ఎరకి చేప కూడా మొహం తిప్పుకుంటుంది. వీటిని నువ్వు పెంచు. చెరువుకి నేను తీసుకెళ్తా" అన్నాడు.

నాకు ఒళ్ళు జలదరించింది. వంటింటి పక్కన పురుగులేమిటని గొణిగాను కూడా. కానీ మర్నాడే మామగారు పాత పేపర్లు చించి, నీళ్ళలో తడిపి, ఒక్కచేత్తో పిండడం మొదలుపెట్టారు. ముద్ద పిడికిట్లో తడిగా ఉండాలి కానీ నీరు కారకూడదు. కాచి వడకట్టిన టీపొడి, కుళ్ళిన ఆకులు వేసేవారు. నిమ్మతొక్క పొరపాటున పడితే ఏరి పారేసేవారు. కింద కుళాయి దగ్గర సాయంత్రం తడిగోనె పరిచి, పొద్దున్నే ఎత్తి చూసి, దాని కింద చేరిన ఎర్రల్ని తెచ్చి డబ్బాలో కలిపేవారు. అన్నిటికంటే ముఖ్యం, వాటితో మాట్లాడేవారు! నేను తలుపు చాటున నిలబడి వినేదాన్ని. అర్థం కాలేదని అడగవు కదా, వాటి దగ్గర ఆయనకి సిగ్గులేదు.

మర్నాడు చెరువుకి వెళ్ళాలనగా, ఆసుపత్రిలో చెయ్యి వ్యాయామానికి కత్తెర వెంట బయల్దేరుతూ మామగారు గుమ్మంలో ఆగి నాతో ఒక మాటన్నారు.

"అమ్మాయ్. ఎర్ర డబ్బా నీడయో పెట్టు."

తనంతట తాను నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో! ఆ సంబరంలో "అలాగే మామయ్యగారూ" అనేశాను. బాల్కనీలో బట్టల క్లిప్పులు వేసుకునే ఎర్ర డబ్బా ఉంది. దాన్ని నీడలో పెట్టడమెందుకని అనుమానం రాకపోలేదు. కానీ మళ్ళీ అడిగితే చెయ్యి ఊపేస్తారు. ప్లాస్టిక్ కదా, ఎండకి పెళుసెక్కుతుందనుకుని దాన్ని భద్రంగా గదిలో మంచం కింద పెట్టి నా పనిలో పడ్డాను.

మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చి తిన్నగా బాల్కనీలోకి వెళ్ళారు. ఆకుపచ్చ డబ్బా మిటమిటలాడే ఎండలో ఉంది. దాని మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశారు. వెనక్కి తిరిగి, గదిలో మంచం కిందనుంచి తొంగిచూస్తున్న క్లిప్పుల డబ్బాని చూశారు. అప్పుడు వెలిగింది నాకు. ఆయనన్నది ఎర్రల డబ్బా. ఆ 'ల' ఆయన నోట్లోనే ఉండిపోయింది.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. తన నోరు చూపించి, చెయ్యి ఊపి, కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. తప్పంతా తన నాలుకదేనని తేల్చేసుకున్నారు. ఇక ఈ మనిషి నోరు విప్పరనుకున్నాను.

డబ్బా ఎత్తుకుని స్నానాలగదిలోకి పరిగెత్తాను. నేలమీద గోనె పరిచి బోర్లించాను. పై మట్టి వేడిగా, పొడిపొడిగా రాలింది. అందులో కొన్ని ఎండి పుల్లల్లా అయిపోయాయి. ఎప్పుడూ ముట్టుకోని దాన్ని, రెండు చేతులతో మట్టి విడదీస్తూ పోయాను. అడుగున తడి కాగితాల ముద్ద తగిలింది, చల్లగా. దాన్ని విప్పేసరికి లోపల ఎర్రలన్నీ దారపుండలా ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి. వేలితో తాకాను. ఉండంతా కదిలింది.

"మామయ్యగారూ! బతికే ఉన్నాయి! రండి!"

చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చారు. గుమ్మం పట్టుకుని వంగి, ఎడమచేత్తో ఎర్రల్ని గుప్పెడు ఎత్తుకున్నారు. వేళ్ళ సందుల్లోంచి అవి మెలికలు తిరుగుతుంటే ఆయన మొహం విప్పారింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. హమ్మయ్య అనుకుంటూ ఆ తడినేల మీదే చతికిలబడ్డాను.

అంతలో ఆయన నావైపు తిరిగి గడగడా ఏదో అన్నారు. పెద్ద వాక్యమే. 'ఎండ' ఒక్కటే నా చెవికెక్కింది. అలవాటు ప్రకారం తలూపబోయాను. అర్థం కాకుండానే సరేననడమే కదా ఇందాక కొంప ముంచింది!

"నాకర్థం కాలేదు మామయ్యగారూ. మళ్ళీ చెప్పండి."

విసుగ్గా చెయ్యి ఎత్తారు. చేతినిండా ఎర్రలు. ఊపితే గోడలకి అంటుకుంటాయి. చేతికేసి చూసుకున్నారు, నాకేసి చూశారు. అటు గుమ్మానికి ఆనుకుని ఉన్నారు, గోడవైపు తిరగడానికీ లేదు.

"బుద్ధి... యేదు... నీకు" అన్నారు. "ఎండయో పెడతావా?"

"సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి."

"బుద్ధి యేదు!" ఈసారి వీధిలోకి వినిపించేలా అన్నారు.

నన్ను ఎవరైనా తిడితే ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.