నల్లా మీది స్టిక్కర్

సర్కారు డబ్బుతో కట్టే ఇండ్లలో మన దేశంలో తయారైన సామానే బిగించాలని రూలు. ధర్మపురి దగ్గరి కాలనీలో నల్లాలు బిగిస్తున్న బాలమల్లు, ఒకదాని మీది ‘స్వదేశీ’ స్టిక్కర్‌ను గోరుతో గీకి చూశాడు. కింద వేరే దేశం పేరుంది. పదేళ్లు దుబాయిలో ప్లంబింగ్ చేసిన అతనికి, అక్కడైతే చెత్తలో పారేసే సరుకిదని తెలుసు. థూ అని ఉమ్మేశాడు.

తనిఖీకి వచ్చిన ఇంజినీరు ప్రతి స్టిక్కర్‌కూ ఫొటో తీసి సంతకం పెడుతున్నాడు. ఒక్క నల్లా అయినా తిప్పలేదు.

“సారూ, గీ నల్లా జర తిప్పి సూడుండ్రి,” అంటూ బాలమల్లే తిప్పాడు. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. నీళ్లు ఇద్దరి మొహాల మీదా చిమ్మాయి.

ఇంజినీరు మొహమైనా తుడుచుకోకుండా, “ఏయ్, స్టిక్కర్ తడుస్తది! చెయ్యి అడ్డం పెట్టు!” అని అరిచాడు.