సిలారు సాయిబు పరుపు

దరియాబీ నడుస్తున్న చోట నేలంతా తెల్లగా ఉంది. అది చిలకలూరిపేట జిన్నింగు మిల్లు వెనకాల పత్తి ఆరబోసే కళ్ళమో, వాడరేవు దగ్గరి ఇసుకో ఆమెకు తేలడం లేదు, అడుగు వేస్తే మడమ దాకా దిగిపోతోంది, తీస్తే గుర్తు కూడా మిగలకుండా నేల మళ్ళీ ఉబ్బుతోంది. మొగుణ్ణి అడగాల్సిన మాట ఒకటుంది, దారిలో ఎక్కడ జారిపోతుందోనని పళ్ళు బిగబట్టి మరీ నడుస్తోంది. ఎక్కడో తుంయ్ తుంయ్‌మని దూదేకే విల్లు మోగుతోంది, ఆ మోత ఒకసారి ముందు నుంచి, ఒకసారి వీపు వెనక నుంచి వినిపిస్తోంది, అయినా ఆమె తడబడకుండా సూటిగా పోతోంది, ఎందుకంటే నలభై ఏళ్ళు ఆ మోత పక్కనే వండి, తిని, బిడ్డల్ని నిద్రపుచ్చిన మనిషి ఆమె.

రెండేళ్ళ కిందట మట్టి చేసిన మొగుడు సిలారు సాయిబు అక్కడ విల్లు పట్టుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. గడ్డం నిండా దూది, కనుబొమల మీద దూది. పోయేనాటికి ఎముకల గూడైన మనిషి ఇప్పుడు పెళ్ళినాటి భుజాలతో ఉన్నాడు, అది చూసి దరియాబీకి కొంచెం ఒళ్ళు మండింది కూడా.

"ఏమే, అన్నం తెచ్చావా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"తేలా. పని తెచ్చాను."

"బతికినన్నాళ్ళూ అదే తెచ్చావులే, చెప్పు."

ఆమె ఎదురుగా చతికిలబడింది. కూర్చోగానే అది తమ ఇంటి వసారా అయిపోయింది, ఎదురుగా సందు, సందుకు ఆవల రాహేలు వాళ్ళ రేకుల ఇల్లు. అన్ని ఇళ్ళ ముందూ క్రిస్మస్ నక్షత్రాలు వేలాడుతున్నాయి, రాహేలు చూరుకు మాత్రం ఏమీ లేదు.

"ఎదురింటి రాహేలు మొగుడు ఏసోబు లేడూ, పరంజా మీంచి పడ్డాడు. నడుం ఇరిగింది. చదునుగా పండబెట్టమన్నాడంట డాక్టరు. నులక మంచం దిగిపోద్దని రాహేలు నేల మీద గడ్డి పరిచి, పైన గోతాం ఏసి పండబెట్టింది. ఈపంతా పుళ్ళయ్యా! రేపు ఆళ్ళ పండగ."

"రాహేలు ఏమంటది?"

"ఏమంటది! 'మా దేవుడు కూడా గడ్డి మీదే పుట్టాడులే దరియాబక్కా' అని నవ్వింది. ఆ నవ్వు చూసొచ్చిన కాణ్ణించీ నాకు ముద్ద దిగట్లా. పండక్కి ఆ ఇంటికి ఒక పరుపు ఇయ్యాల. గట్టి దూది పరుపు. ఇయ్యకపోతే నేను పరుపులోళ్ళ ఇంటి కోడల్నెందుకు?"

"మంచి మాటేగా, ఇయ్యి."

"పత్తేదీ?"

సిలారు సాయిబు విల్లు ఆపాడు. మోత మాత్రం ఆగలేదు, అది తనంతట తాను మోగుతూనే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఆ ఇంట్లో దూది ఉన్నది ఒక్కచోటేనని ఇద్దరికీ తెలుసు.

"నా పరుపుందిగా" అన్నాడు ఆయన.

మనిషి పోయిన పరుపును మూడోనాడే ఊరవతల పారేయాలని చుట్టాలందరూ నెత్తీనోరూ కొట్టుకున్నారు. దరియాబీ ఒక్కతీ వినలేదు. ఆయన మంచం మీదే దాన్ని ఉంచి, పాత చీర కప్పి, పిల్లల్ని ఎక్కనివ్వకుండా, తను కూడా ఎక్కకుండా, ఆ మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంటోంది. మంచి పరుపు ఖాళీగా పడి ఉంటే ఎదురింట్లో మనిషి గడ్డి మీద మూలుగుతున్నాడు. ఆ సంగతి తనకు తానే చెప్పుకుని వారం నుంచి తనను తాను తిట్టుకుంటోంది.

"చచ్చినోడి పరుపు తీసుకెళ్ళి మంచాన పడ్డోడికి ఇస్తే ఊరు నా మొహాన ఉమ్మెయ్యదా? రేపు ఏసోబుకి ఏదన్నా అయితే? రాహేలు మొహం ఎట్టా చూడాల నేను?"

సిలారు సాయిబు నవ్వాడు, నవ్వుకు గడ్డంలోని దూది ఎగిరి చూరంతా పాకింది, చూరు ఎత్తు పెరిగి పెళ్ళినాటి గది అయింది, గోడకు తడి ఆరని సున్నం, మూల కొత్త పరుపు, దాని మీద గులాబీ రంగు దుప్పటి.

"అదిగో, ఆ పరుపు గుర్తుందా?"

"ఎందుకు లేదు! మామ నా కోసమని ఏకి కుట్టించాడు. పదూళ్ళలో అంత మెత్తటి పరుపు లేదని చెప్పుకున్నారు."

"అందులో దూది ఎవరిదనుకున్నావ్? మా నాయనమ్మ పరుపుది. మన పెళ్ళికి ముందటేడు ఆమె దాని మీదే పోయింది."

దరియాబీ గులాబీ దుప్పటి అంచు ఎత్తి చూసింది. "నాకు చెప్పలా!"

"చెప్తే పండుకుంటావా? చెప్పలా గనకే నలుగురు బిడ్డల్ని కని, నలుగుర్నీ దాని మీదే పెంచావు. ఎవరికేమైంది? పాత పరుపు ఏకమని తెస్తే అదెవరిదని మన ఇంట్లో ఎవరన్నా, ఏనాడన్నా అడిగారా? విల్లు కింద పడ్డాక దూదికి మైల ఏందే? అది పొద్దున పొలంలో ఏరుకొచ్చినట్టే."

ఇంక సాకు లేదు. సాకు పోయేసరికి అసలు మాట బయటికొచ్చింది. దారి పొడుగునా పళ్ళ మధ్య పట్టుకొచ్చిన మాట ఇదేనని అప్పుడు తెలిసింది ఆమెకు.

"ఆ పరుపు నడిమధ్యన నువ్వు పండుకున్న పల్లం అట్టాగే ఉందయ్యా. రోజూ చీర తీసి చూసుకుంటాను. కుట్లు ఇప్పితే అది పోద్ది. నువ్వు ఇంకోసారి పోయినట్టే నాకు."

గది సందు అయింది, సందు మళ్ళీ తెల్లటి నేలయింది.

"ఆ పల్లం నాది కాదే, నా జబ్బుది. నేను దాని మీద పండుకున్నది ఏడాది. అంతకు ముందు ఎప్పుడన్నా పగలు నడుం వాల్చినోణ్ణా నేను?"

"అయితే నిన్నెక్కడ చూసుకోను?"

"విల్లు పట్టుకో. చూసుకోటానికి తీరిక ఉండదులే."

"నాకు విల్లు చేతకాదు. నేను కూరడం, కుట్టడం తప్ప..."

"చేతకాకపోతే అన్నేళ్ళు నా ఎదురుగా కూర్చుని అట్టా కాదు, ఇట్టా అని వంకలు పెట్టావెందుకు? ఇప్పుడు చేసి చూపియ్యి!"

ఆ మాటకు దరియాబీకి రోషం వచ్చింది. విల్లు లాక్కుంది. మొదట అది దూలమంత బరువు, రెండో దెబ్బకు అలవాటైన చాటలా చేతిలో ఇమిడిపోయింది. నారి మీద కొట్టిన ప్రతి దెబ్బకూ గడ్డలు కట్టిన పాత దూది విడిపోయి పైకి లేస్తోంది, లేచిన దూది తెరలు తెరలుగా ఆమెకూ ఆయనకూ నడుమ నిలబడుతోంది, ఒక తెరలో ఆయన గడ్డం కనపడదు, ఇంకో తెరలో భుజాలు కనపడవు. ఆపితే మళ్ళీ కనపడతాడని ఆమెకు తెలుసు. ఆపలేదు.

"దుమ్మే పిచ్చిదానా, ముక్కుకు కొంగు కట్టుకో!" అన్న గొంతు మాత్రం వచ్చింది.

కట్టుకుంది. తల ఎత్తకుండా మళ్ళీ కొట్టింది.

"అత్తా! అత్తా!"

కోడలు మీరాబీ టీ గ్లాసుతో నిలబడి ఉంది. వాకిట్లో అప్పుడే ఎండ పడుతోంది. ఎదురింట్లో ఏసోబు మూలుగు, పక్కకు తిప్పుతూ రాహేలు ఏదో సముదాయిస్తున్న గొంతు వినిపించాయి.

"ఏందత్తా ఇది? నిద్దట్లో ముక్కుకు కొంగు కట్టుకున్నావు, ఊపిరాడొద్దా?"

దరియాబీ మొహం తడుముకుంది. కొంగు ముక్కునూ నోటినీ కప్పి, తల వెనక్కి పోయి, గట్టిగా రెండు ముళ్ళు పడి ఉంది. మీరాబీ విప్పబోతే ఆ చెయ్యి పక్కకు నెట్టి, చాప మీంచి లేచి, మంచం మీది పాత చీరను ఒక్క లాగు లాగింది.

"కత్తెర తే, ముందు ఆ కొస పట్టుకో. ఎండలోకి ఏసి కుట్లు ఇప్పుదాం. పొద్దుగూకే లోపల ఏసోబు దీని మీద పండుకోవాల" అంది, కొంగు విప్పకుండానే.