కుడికాలి గేరు

నేనొక ఇంగ్లీషు మోటారుసైకిల్‌ని. ఐదువందల సీసీ దాన్ని. పెద్ద బళ్ల పక్కన పిల్లదాన్ని, చిన్న బళ్ల పక్కన పెద్దదాన్ని. మా దేశంలో వానలో తడుస్తూనే పందేలు పరిగెత్తాను, గెలిచాను కూడా. తర్వాత ఓ తేయాకు తోట దొర నన్ను ఓడెక్కించి మద్రాసు తెచ్చాడు. పందేలు పెట్టే షోళవరం పాత రన్‌వే మీద ఎండకి నా ఇంజను ఉడికిపోతే, "ఛీ, ఇదేం బండి!" అని నన్నే తిట్టాడు. మనుషులంతే లెండి. గెలిస్తే వాళ్ల గొప్ప, ఓడితే బండి తప్పు!

దొర తన దేశం పోతూ పోతూ నన్ను బెజవాడ మెకానిక్కు డేవిడ్రాజుకి అమ్మాడు. అబ్బ, ఏం నడిపేవాడండీ! ఇద్దరం కప్పుల మీద కప్పులు తెచ్చుకున్నాం. ఓ పందెంలో మాత్రం పడ్డాం. నాకు హ్యాండిల్ వంగింది, అతనికి కుడి మోకాలు పోయింది. నా గేరేమో కుడికాలి వైపు. ఇంకేం నడుపుతాడు? నామీద దుప్పటి కప్పేశాడు.

చాలా ఏళ్లకి ఆ దుప్పటి తీసింది అతని కూతురు ఎస్తేరు. పాత బళ్ల పందెం పెడుతున్నారని తెలిసి, నాన్న ప్రాణం తోడేసి ఒప్పించింది. కానీ ఇప్పటి బళ్లకి గేరు ఎడమకాలికి ఉంటుంది కదా! సాధన మొదలెట్టిన మొదటిరోజే మలుపులో అలవాటు కొద్దీ ఎడమకాలితో గట్టిగా తొక్కింది. అది నా బ్రేకు! ఇద్దరం బోర్లా పడ్డాం. చీరుకుపోయిన పిల్ల మోచెయ్యి చూసి డేవిడ్రాజు మొహం పాలిపోయింది.

"చాలమ్మా. దీనికి నా కాలు బలిచ్చింది చాలదా? ఓ హోటలాయన అలంకారానికి దీన్ని గోడకి తగిలించుకుంటానంటున్నాడు. ఇచ్చేస్తా."

గోడకా! నన్నా! బిర్యానీ తినేవాళ్ల నెత్తిమీద, ట్యాంకులో చుక్క పెట్రోలు లేకుండా! నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఈ ఒక్క పందెం నాన్నా. పడకుండా ముగిస్తే ఉంచుకుందాం. పడితే నీ ఇష్టం," అంది ఎస్తేరు.

ఆయన నామీద దుప్పటి మాత్రం మళ్లీ కప్పలేదు.

గేరు ఎడమవైపుకి మార్పించుకోమన్నారు చూసినవాళ్లంతా. పిల్ల ఒప్పుకుంటేనా! ఎడమ బూటులో గులకరాయి వేసుకుంది. మెల్లగా తొక్కితే ఏమీ లేదు, విసురుగా తొక్కితే చురుక్కుమనేది. రోజూ కుయ్యో మొర్రో అంటూనే నేర్చుకుంది.

పందెంలో చివరి మలుపు దగ్గర పక్క బండి మామీదికి వచ్చేసింది. పిల్ల ఎడమకాలు అదిరింది. ఇక అయిపోయిందనుకున్నాను. తొక్కలేదు! కుడికాలే కదిలింది. టక్కున మూడో గేరు పడింది. నాలుగో స్థానంలో గీత దాటాం. కప్పూ లేదు, దండా లేదు. అయినా నేను గెలిచిన పందేల్లో కూడా అంత సంతోషపడలేదు.

డేవిడ్రాజు కుంటుకుంటూ వచ్చాడు. మెచ్చుకోవడం ఆయన వంటికి పడదు.

"మూడో గేరు ఆలస్యమైంది. వచ్చేసారి ఇంకాస్త ముందే వెయ్యి."

హెల్మెట్ తీస్తున్న ఎస్తేరు చేతులు ఆగిపోయాయి. "వచ్చేసారా నాన్నా?"

ఆయన అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "హోటలేనా అండీ? మీ గోడకి ఇంకేదైనా చూసుకోండి."